మేం డాకియాలమా జనాబ్?

"గ్రీకుల ఇల్మ్‌ని అరబ్బులు భద్రంగా దాచి యూరప్‌కి అందించారు, అంతే." చదువుకున్న దోస్తులే ఈ మాటంటే ఒళ్లు మండుద్ది. దాచిపెట్టడానికి అదేమన్నా సందూకులో అమానతా?

టోలెమీ లెక్కలో చంద్రుడు కొన్ని సగం చాంద్ రోజుల్లో భూమికి దాదాపు సగం దూరంలోకి వచ్చేయాలి. అంటే ఆ రాత్రి చాంద్ రెండింతలు కనపడాలి. ఎవరన్నా చూశారా? నెలనెలా చాంద్ కోసం ఆస్మాన్ వెతికే కౌమ్‌కి ఆ తేడా తెలీదా! 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైసమ్ టోలెమీ మీద 'షుకూక్' (సందేహాలు) అని కితాబే రాశాడు. 1259లో మరాగాలో నసీరుద్దీన్ తూసీ రసద్‌గాహ్ కట్టడం మొదలైంది, గ్రహాల లెక్కలు తిరగరాశారక్కడ. 14వ శతాబ్దంలో దమిష్క్ ఉమయ్యద్ మస్జిద్‌లో నమాజ్ వక్త్‌లు లెక్కగట్టే ఇబ్న్ అల్ షాతిర్, ఆ చంద్రుడి తప్పును సరిచేశాడు. 1543లో కోపర్నికస్ అచ్చువేసిన చంద్రుడి లెక్క కూడా అదే పద్ధతి! ఆయనకెలా చేరిందో, అసలు చేరిందో లేదో బహస్ నడుస్తోంది. నడవనీండి. డాకియా మాత్రం ఉత్తరం విప్పి తప్పులు దిద్దడు కదా.

ఇక మనోళ్లకి. "అంతా మన దగ్గర్నుంచే కొట్టేశారు" అని వాట్సాప్‌లో ఫఖర్‌గా పంపే భాయ్! అంకెల హిసాబ్ హింద్‌దేనని అల్ ఖ్వారిజ్మీ దాచకుండా రాశాడు. నువ్వెందుకు దాస్తున్నావ్?