ఒకరి పాట ఇంకొకరు పాడితే తప్పా?

పోయిన శనివారం రాత్రి ఇర్వింగ్‌లో మా గదిలో పెద్ద వాదనే జరిగింది. డ్యూటీలు దిగి వచ్చి, అన్నాలు తిన్నాక, గంగాధర శాస్త్రి గారు పాడిన భగవద్గీత పెట్టుకున్నాం. రెండు శ్లోకాలు కూడా కాలేదు, మాలో పెద్దాయన చెయ్యెత్తారు. "ఆపండయ్యా! ఘంటసాల పాడాక ఇంకొకడు పాడేదేమిటి? ఎంగిలి కూడు!" అన్నారు.

"వ్యాసుడి శ్లోకాలు ఘంటసాల పాడలేదా బాబాయ్?" అన్నాడు మాలో చిన్నవాడు. అక్కడి నుంచి పన్నెండు దాటేదాకా నిద్ర లేదు.

పెద్దాయన బాధ మాకు అర్థం కానిది కాదు. మన ఊళ్లలో పొద్దున్నే మైకులో ఘంటసాల గీత వినపడిందంటే "ఎవరు పోయారో" అని జనం గుమ్మంలోకి వస్తారు. తండ్రి చివరిచూపుకు కూడా వెళ్లలేకపోయిన వాళ్లు మనలో ఎంతమంది! వాళ్లకు ఆ గొంతు ఒట్టి పాట కాదు. దాని స్థానంలో ఇంకొకటి పెడతామంటే మేమూ ఒప్పుకోం.

కానీ శాస్త్రి గారు చేసింది అది కాదు. గీతలో శ్లోకాలు 700. ఘంటసాల పాడినవి నూరు పైచిలుకు మాత్రమే. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. శాస్త్రి గారు ఘంటసాల పాడిన శ్లోకాలకు ఆ బాణీలనే ఉంచి, మిగతా వాటికి తానే బాణీలు కట్టి, మొత్తం ఏడు వందలూ తాత్పర్యాలతో సహా పాడారు. పెద్దాయన కట్టిన ఇంటిని పడగొట్టలేదు, దాని మీద గదులు వేశారు. నచ్చడం నచ్చకపోవడం వినేవాడి ఇష్టం. ఎంగిలి అనడం మాత్రం అన్యాయం.

మేముంటున్న టెక్సాస్‌లోనే పుట్టిన గాయకుడు విల్లీ నెల్సన్. పల్లె పాటలకు పేరుపడ్డ ఆయన 1978లో 'స్టార్‌డస్ట్' అనే ఆల్బంలో తన చిన్ననాటి పాత పాటలే మళ్లీ పాడారు. రికార్డు కంపెనీ వాళ్లు ముందు సందేహించారు. తీరా చూస్తే అది పల్లె సంగీతం జాబితాలో దాదాపు పదేళ్లు ఉంది.

మన దేశం సంగతి చూడండి. హెచ్ఎంవి క్యాసెట్టు కొనే స్తోమత లేని కూలివాడికి రఫీ పాట ఎలా అందింది? టి-సిరీస్ వాళ్లు తక్కువ ధరకు అమ్మిన క్యాసెట్ల వల్లే కదా! సోనూ నిగమ్ అనే కుర్రవాడు 'రఫీ కీ యాదే' పాడాకే చాలామందికి తెలిశాడు. అసలు గొంతుకు సాటి రాదు, నిజమే. అయినా ఆకలి తీర్చింది.

మరి తప్పు ఎక్కడ ఉంది? పేరు చెప్పకపోవడంలో, డబ్బు ఎగ్గొట్టడంలో ఉంది. 2017 మార్చిలో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా గారు నోటీసు పంపారు. బాలు గారంటే ప్రాణమిచ్చే మేము అప్పుడు రాజా గారిని నానా మాటలూ అన్నాం. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, నోటీసు పద్ధతి బాగోలేదు కానీ అడిగిన హక్కు న్యాయమైనదే అనిపిస్తోంది. కష్టానికి కూలి అడగడం తప్పని మనమెలా అంటాం? 2019లో వాళ్లిద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు, సంతోషం.

చట్టమూ ఇదే చెబుతోంది. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం ప్రకారం, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడిస్తే, దాన్ని ఇంకొకరు మళ్లీ పాడి రికార్డు చేయవచ్చు. కాకపోతే ముందుగా తెలియజేయాలి, రాయల్టీ కట్టాలి, ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి.

అయితే నాట్లు వేస్తూ, బండి తోలుతూ పాడుకున్న పాటకు అట్ట ఏది? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' మారుమోగినప్పుడు, అది తాను సేకరించి టీవీలో పాడిన పాట అని జానపద గాయని కోమలి నోరు విప్పి అడగాల్సి వచ్చింది. ఆ తర్వాతే ఆమెకు క్రెడిట్, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. అడగలేనివాళ్ల మాటేమిటి? మీ క్యాంపుల్లో బంకు మంచం మీద కూర్చుని ఇంటి మీద బెంగతో పాట కట్టేవాడు ఉంటాడు. పక్కవాడు ఫోన్‌లో రికార్డు చేసి పంపుతాడు. అది ఊరంతా తిరిగి మళ్లీ మన ఫోన్‌కే వచ్చేసరికి, కట్టినవాడి పేరు ఎక్కడో రాలిపోయి ఉంటుంది.

అందుకే ఈ శుక్రవారం క్యాంపులో పాడేటప్పుడు, ఎవరి పాటైనా సరే, మొహమాటపడకుండా పాడండి. పాడే ముందు రాసిందెవరో, బాణీ కట్టిందెవరో, మొదట పాడిందెవరో చెప్పండి. మీ రూమ్మేట్ దగ్గర నేర్చుకున్నదైతే అతని పేరూ, ఊరూ చెప్పండి.

మా పెద్దాయన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే శనివారం సోనూ నిగమ్ వంతు.