సోమవారంలోగా... సర్వర్ లేవాలి!

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. హైదరాబాద్‌లో పేపరు కుర్రాళ్లు కట్టలు విప్పి, సప్లిమెంట్లు దూరుస్తుంటారు. అదే వేళకు అమెరికాలోని షికాగోలో, వేసవి కాలమైతే, శనివారం సాయంత్రం ఆరు. ఆఫీసులు ఖాళీ. సరిగ్గా అప్పుడే మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ అడ్మినిస్ట్రేటర్‌కి అసలు డ్యూటీ మొదలవుతుంది. అక్కడి కంపెనీ ఈమెయిల్ సర్వర్‌ని ఆపాలి. కొత్త వెర్షన్ ఎక్కించాలి. సోమవారం పొద్దున ఉద్యోగులు కుర్చీల్లో కూర్చునేలోగా మళ్లీ లేపాలి!

ఈ సర్వర్ నడిచే యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. గదంతా నిండే మెయిన్‌ఫ్రేమ్ కాదు, బల్లమీద పెట్టుకునే పీసీ కాదు. మిడ్‌రేంజ్ అంటారు. మనం 'మధ్యతరగతి కంప్యూటర్' అనుకున్నా తప్పులేదు. గుణం కూడా అదే... ఆర్భాటం ఉండదు, పాత సామాను పారేయదు. మేయో క్లినిక్ ఉన్న రోచెస్టర్ ఊళ్లోనే, మిన్నెసోటా రాష్ట్రంలో, ఐబీఎం దీన్ని తయారుచేసింది. 1988 జూన్‌లో ఏఎస్/400 పేరుతో ప్రకటించింది. 1995లో లోపలి ప్రాసెసర్‌ని 48 బిట్ల నుంచి 64 బిట్లకు మార్చినా, పాత ప్రోగ్రాములు చాలావరకు తిరగరాయకుండానే నడిచాయి. తర్వాత ఐసిరీస్ అన్నారు, సిస్టమ్ ఐ అన్నారు. 2008 నుంచి దాని ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఐబీఎం ఐ. పేరేదైనా, నల్లటి తెరమీద పచ్చటి అక్షరాలు చూస్తే పాతకాపులు ఇట్టే గుర్తుపడతారు.

దానిమీద ఉత్తరాల పని చేసేది డొమినో. 1989లో వచ్చిన లోటస్ నోట్స్‌కి ఇది సర్వర్ రూపం. లోటస్‌ని ఐబీఎం 1995లో కొనేసింది. 1998లో డొమినో ఏఎస్/400 మీదికెక్కింది. ఒకే యంత్రంలో అనేక డొమినో సర్వర్లు, ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టినట్టు, దేనికదే నడుస్తాయి. 2019లో ఈ డొమినో మన నోయిడా కంపెనీ హెచ్‌సీఎల్ చేతికొచ్చింది.

ఇక ఆ రాత్రి పని. మొదట సర్వర్‌ని మర్యాదగా ఆపాలి. హఠాత్తుగా పడగొడితే తెరిచి ఉన్న ఫైళ్లు దెబ్బతినొచ్చు. మళ్లీ లేపినప్పుడు వాటిని ఒక్కోటీ పరీక్షించి సరిచేసుకుంటూ కూర్చోవాలి. మరి ఆపినంతసేపూ బయటినుంచి వచ్చే ఉత్తరాలు? వాటికేం కాదు. గుమ్మం మూసుంటే పోస్ట్‌మ్యాన్ మళ్లీ వచ్చినట్టు, పంపిన సర్వరే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు పట్టు వదలకూడదన్నది ఈమెయిల్ ప్రమాణాల్లోని మాట.

ఆ తర్వాత బ్యాకప్. మెయిల్ ఫైళ్లన్నీ టేపు మీదికి వెళ్లాలి. టేపు తిరిగిందంటే సరిపోదు, దాన్నుంచి ఒక ఫైలైనా వెనక్కి తీసి చూసుకోవాలి. 'ఎంతసేపట్లో అయిపోతుంది?' అనే అడుగుతారు మేనేజర్లు. 'తేడా వస్తే వెనక్కి ఎలా వస్తావు?' అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం అదే.

ఎందుకంటే, కొత్త వెర్షన్ ఎక్కించడం పెద్ద పని కాదు. ఎక్కాక మొదటిసారి సర్వర్ లేస్తూనే ఓ ప్రశ్న వేస్తుంది... అడ్రస్ బుక్ డిజైన్ మార్చమంటారా అని. ఉద్యోగులందరి పేర్లు, ఎవరి మెయిల్ ఎక్కడుందన్న వివరం అందులోనే ఉంటాయి. 'సరే' అంటే ఆ మార్పు ఈ ఒక్క సర్వర్‌తో ఆగదు, దానితో కలిసి నడిచే మిగతా సర్వర్లకూ పాకుతుంది. కంపెనీవాళ్లు ఎప్పుడో సొంతంగా చేసుకున్న మార్పులు అందులో ఉంటే, అవి ఎగిరిపోవచ్చు. నిద్రకళ్లతో నొక్కే మీట కాదది.

రెండో గండం మెయిల్ ఫైళ్లు. వాటి లోపలి అమరికను కొత్త పద్ధతికి మార్చాలంటే ఒక్కో ఫైలుకూ కొత్త నకలు తయారవుతుంది. డిస్కులో అంత ఖాళీ ఉండాలి. పెద్ద ఫైళ్లకు గంటలు పడుతుంది. మారాక పాత వెర్షన్ వాటిని చదవలేకపోవచ్చు. అప్పుడు టేపే దిక్కు! టేపులో ఉన్నది శనివారం దాకా వచ్చిన ఉత్తరాలే. సోమవారం తలుపులు తెరిచి, మంగళవారం తప్పు పట్టుకుంటే, ఈ మధ్యలో వచ్చిన ఆర్డర్లు, అనుమతులు, ఎవరో పంపిన రాజీనామా లేఖ... అన్నీ గల్లంతే.

అందుకే అనుభవజ్ఞులు ఉద్యోగుల్ని లోపలికి రానివ్వకముందే అన్నీ చూసుకుంటారు. లోపలినుంచి బయటికో ఉత్తరం, బయటినుంచి లోపలికో ఉత్తరం. ఫోన్‌లో అందుతోందా? బ్రౌజర్‌లో తెరుచుకుంటోందా? రూటర్ దగ్గర ఏమైనా పేరుకుపోయాయా? 'వెనక్కి వెళ్దామా, ముందుకేనా?' అన్నది ఆ గంటలోనే తేలాలి.

అక్కడ సోమవారం ఉదయం తొమ్మిదయ్యేసరికి ఇక్కడ సాయంత్రం ఏడున్నర. నిద్రలేచి, స్నానం చేసి, పిల్లల హోంవర్క్ దగ్గర కూర్చున్న అడ్మినిస్ట్రేటర్ ఫోన్ మోగుతుంది. పంపినవన్నీ వెళ్తున్నాయట, రావలసినవన్నీ వస్తున్నాయట.

'మరి నా ఇన్‌బాక్స్‌లో బటన్ ఎడమవైపు ఉండేది కదా, కుడివైపుకెందుకు పోయింది?'