ధరల రాయితీ, నిల్వ కాలం, ప్రజారోగ్యం: వ్యవసాయ పరిశోధన పరిధి ఎంతవరకు?

2025 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులోని మధ్యతరహా, పెద్ద దుకాణాలు కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా గల నిర్దేశిత ఆహార పదార్థాలపై ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’, ‘రెండింటి ధరకు మూడు’ వంటి ప్రకటనలు చేయరాదు. నిబంధనలు 2021లోనే రూపొందినా, జీవన వ్యయం పెరిగిందన్న కారణంతో వీటి అమలు పలుమార్లు వాయిదా పడింది. అటువంటి పదార్థాలను దుకాణ ప్రవేశం వద్ద, బిల్లు కౌంటరు పక్కన పేర్చరాదన్న మరో భాగం మాత్రం 2022 అక్టోబరు నుంచే అమలులో ఉన్నది. అక్కడి ప్రజారోగ్య సంస్థ 2015లో చక్కెర వినియోగంపై వెలువరించిన నివేదిక ప్రకారం బ్రిటిష్ కుటుంబాలు ఇంటికి కొనే ఆహార పానీయాలపై చేసే ఖర్చులో సుమారు 40 శాతం రాయితీలో ఉన్న వస్తువుల మీదే. రాయితీల వలన కొనుగోలు పరిమాణం దాదాపు ఐదవ వంతు పెరుగుతున్నది.

ఇది పోషకాహార నిపుణులకో, మార్కెటింగ్ శాఖవారికో సంబంధించిన విషయమని సస్యశాస్త్ర విభాగాలు పక్కన పెట్టడం పరిపాటి. నా అభిప్రాయం వేరు. రాయితీ ఏ వస్తువుపై పనిచేస్తుంది, దేనిపై పనిచేయదు అన్న ప్రశ్నను కొంత లోతుగా పరిశీలిస్తే అది చివరకు పంట స్వభావం వద్దకే చేరుతుంది.

బ్రిటన్‌లో సుమారు 27,000 కుటుంబాల 2010 నాటి కొనుగోళ్ల ఆధారంగా నకమురా బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో తప్పక చదవదగినది. ఆరోగ్యానికి అంతగా మేలు చేయని పదార్థాలకే రాయితీలు ఎక్కువగా ఇస్తారన్న సాధారణ నమ్మకాన్ని ఆ ఫలితాలు బలపరచలేదు. రాయితీల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. తేడా అంతా అమ్మకాల పెరుగుదలలో ఉన్నది. అదే రాయితీకి బిస్కట్లు, తీపి పానీయాల వంటివాటి అమ్మకం ఎక్కువగా, తాజా ఆహారాల అమ్మకం తక్కువగా పెరిగింది. రచయితలు సూచించిన ముఖ్య కారణం నిల్వ గుణం. చవకగా దొరికినప్పుడు నాలుగు బిస్కట్ ప్యాకెట్లు కొని అల్మరాలో ఉంచవచ్చు. నాలుగు కట్టల తోటకూర కొంటే రెండవ రోజుకే వాడిపోతుంది. రాయితీలకు ఎక్కువగా స్పందించినవారు ఆర్థికంగా మెరుగైన కుటుంబాలేనన్నది కూడా ఆ అధ్యయనంలో గమనించవలసిన అంశం. ముందుగా కొని నిల్వ చేయడానికి చేతిలో డబ్బు, ఇంట్లో చోటు రెండూ కావాలి కదా!

అంటే రాయితీ అన్ని ఆహారాలకు సమానంగా అందుబాటులో ఉన్న సాధనం కాదు. పైగా ప్యాకెట్ ఆహారంపై రాయితీ భారంలో అధిక భాగాన్ని సాధారణంగా తయారీదారు ప్రచార వ్యయంగా భరిస్తాడు. బీరకాయకు, గోంగూరకు ఆ ఖర్చు భరించే తయారీదారు ఎవరూ లేరు. దుకాణం కూరగాయలపై రాయితీ ప్రకటించినా అది తరచుగా సరఫరాదారుపైకి, అతని ద్వారా రైతుపైకి జరుగుతుంది. 2023 జూలై చివరలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. సెప్టెంబరులో కర్నూలు ప్రాంతంలో అదే టమాటా పది రూపాయల దిగువకు పడిపోయి రైతులు పంటను పారబోసుకున్నారు. పొలం వద్ద ధర పడిపోయిన ఆ వారాలలో నగర వినియోగదారుడు అదనంగా ఎన్ని కిలోలు తిన్నాడు? జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు వయోజనుడికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచిస్తున్నాయి. దేశంలోని వ్యాధి భారంలో 56.4 శాతం అనారోగ్యకర ఆహారంతో ముడిపడినదని కూడా ఆ పత్రం పేర్కొన్నది. ఒకవైపు ఈ లోటు, మరొకవైపు రోడ్డు పక్కన టమాటా రాశులు. ఈ రెండింటి మధ్య ధర ఎందుకు వంతెన కాలేకపోతున్నదో పరిశోధించడం మన పని కాదంటే మరెవరి పని?

ఇక్కడ పప్పుధాన్యాల, చిరుధాన్యాల ప్రస్తావన అవసరం. కంది, పెసర, శనగ, రాగి, జొన్న – ఇవి ఆరోగ్యానికి మేలు చేసేవి, పైగా నిల్వ ఉండేవి. నిల్వ గుణమే రాయితీకి బలమైతే, ఆ బలం బిస్కట్‌కు ఎంత ఉన్నదో తాండూరు కందిపప్పుకూ అంతే ఉండాలి. రెండు కిలోలు కొంటే అరకిలో అదనం అన్నప్పుడు ఆ కుటుంబం నెలలో పప్పు నిజంగా ఎక్కువ తింటుందా, లేక వచ్చే నెల కొనుగోలు మానుకుంటుందా? చక్కెర పానీయం ఇంట్లో ఎక్కువ ఉంటే త్వరగా ఖర్చవుతుందని ఊహించగలం. పప్పు విషయంలో ఊహ చాలదు, కొలవాలి.

కొలిచే పద్ధతి మనకు కొత్తది కాదు. యాదృచ్ఛిక ప్రయోగాల పద్ధతిని ఫిషర్ రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోనే తీర్చిదిద్దాడు. వైద్యం, ఆర్థికశాస్త్రం దానిని తరువాత స్వీకరించాయి. దుకాణాన్ని బ్లాకుగా, పక్షం రోజులను మడిగా భావిస్తే మిగిలినదంతా మనకు చిరపరిచితమే. రాయితీ ముగిసిన తరువాత కొనుగోలు తగ్గడం ఒక అవశేష ప్రభావం: గత పంటకు వేసిన భాస్వరం లెక్క తీయకుండా ఈ పంట స్పందనను చెప్పనట్లే, రాయితీ తరువాతి పక్షాన్ని కొలవకుండా రాయితీ ఫలితం చెప్పరాదు. పక్క వీధి దుకాణం నుంచి కొనుగోలుదారులు తరలిరావడం అంచు ప్రభావం. ఇక దిగుబడి అంటే బిల్లులోని కిలోలు కాదు, ఇంట్లో తిన్న గ్రాములు. ఆ కొలత కోసం కమ్యూనిటీ సైన్స్ విభాగంవారి 24 గంటల ఆహార సమాచార సేకరణ తప్పనిసరి.

న్యూజిలాండులో ఎనిమిది సూపర్‌మార్కెట్లలో 1,104 మంది కొనుగోలుదారులతో జరిగి 2010లో వెలువడిన ప్రయోగం ఈ దిశలో మంచి నమూనా. ఆరోగ్యకర ఆహారాలపై ఆరు నెలలు 12.5 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆ ఆహారాల కొనుగోలు 11 శాతం పెరిగింది. తగ్గింపు నిలిపివేసిన ఆరు నెలల తరువాత కూడా 5 శాతం పెరుగుదల మిగిలింది. అయితే ప్రధానంగా కొలవదలచిన సంతృప్త కొవ్వు వాటా మాత్రం మారలేదు. మేలైనది కొన్నంత మాత్రాన చెడ్డది కొనడం మానరన్నమాట. విడిగా అందించిన పోషకాహార విద్య కొనుగోళ్లను మార్చలేదన్నది, విస్తరణ కార్యక్రమాలలో కరపత్రాలపై అధికంగా ఆధారపడే మనకు కొంత ఇబ్బందికరమైన ఫలితం.

ఇంగ్లండు చట్టాన్ని ఇక్కడ యథాతథంగా తేవాలనే వాదనను నేను సమర్థించను. అది యాభై మందికి తక్కువ సిబ్బంది గల వ్యాపారాలకు వర్తించదు. అంటే మన కిరాణా కొట్లన్నీ దాని బయటే ఉంటాయి. ‘సగం ధరకే’ వంటి నేరు తగ్గింపును కూడా అది తాకదు. మన గ్రామంలో రాయితీకి మరో రూపం ఉన్నది: అయిదు రూపాయల ప్యాకెట్. దాని ధర మారదు, బరువే మారుతుంది. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబం నెలసరి వ్యయంలో పానీయాలు, శుద్ధి చేసిన ఆహారాల వర్గం వాటా 9.62 శాతం, కూరగాయల వాటా 5.38 శాతం. మొదటి వర్గంలో బయట కొనే భోజనం కూడా కలిసి ఉన్నందున అంతా ప్యాకెట్లదే అనలేము. అయినా ఆ అంకెను తేలికగా తీసుకోరాదు.

2025 సెప్టెంబరు 22న బిస్కట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. చిన్న ప్యాకెట్ ధర తగ్గించడానికి చిల్లర సమస్య అడ్డురావడంతో పలు కంపెనీలు అదే ధరకు బరువు పెంచాయి. ఆచరణలో ఇది దేశమంతటా ఒకేసారి ప్రకటించిన ‘అదనం ఉచితం’ రాయితీ! తాజా కూరగాయలపై ముందే పన్ను లేదు కనుక వాటికి తగ్గేదేమీ లేకపోయింది. సాపేక్ష ధరల్లో వచ్చిన ఈ మార్పు, పరిశోధకుడు అడగకుండానే ఎదుటకు వచ్చిన ప్రయోగక్షేత్రం. ఆ తేదీకి ముందు, తరువాత కిరాణా కొట్ల కొనుగోలు పుస్తకాలను, అంగన్‌వాడీ పిల్లల ఆహార వివరాలను జతచేసి చూడవచ్చు. కాలం గడిచేకొద్దీ ఆ పుస్తకాలు చిత్తు కాగితాల్లో కలిసిపోతాయి.

జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలలో రకాలు, ఎరువుల మోతాదులు, కలుపు మందులపై తీర్మానాలు చేస్తున్నాము. రానున్న సమావేశంలో ఒక చిన్న ప్రతిపాదనను చేర్చవచ్చు. ఒక నగరంలో ఒకే యాజమాన్యం కింద ఉన్న ఎనిమిది దుకాణాలు, అదే నగరంలోని రెండు రైతు బజార్లు; టమాటా, ఒక ఆకుకూర, కందిపప్పు; ఒక ఏడాది. నిల్వ కాలంలో తేడా గల రెండు టమాటా రకాలను చేరిస్తే మన ప్రజనన విభాగానికి కూడా ఇందులో సమాధానం దొరుకుతుంది: నిల్వ కాలం మూడు రోజులు పెరిగితే రాయితీకి స్పందన ఎంత పెరుగుతుంది? బిల్లు వివరాలలో కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు ఉంటాయి కనుక వారి సమ్మతి లేకుండా ఆ సమాచారాన్ని తాకరాదు. తగ్గించిన ధర తేడాను ప్రాజెక్టు నిధి నుంచే దుకాణానికి చెల్లించాలి. సరఫరా చేసే రైతుకు ఏ వారం ఎంత ధర అందిందో అదే సమాచార పత్రంలో, అమ్మకాల వరుస పక్కనే నమోదు చేయాలి.