బీచ్ ట్రిప్పు వేస్తున్నారా? ఒక పూట సర్ఫింగ్ పాఠానికి ఇవ్వండి

రెజ్యూమెలో ‘హాబీలు’ అన్న చోట ఒకప్పుడు పాటలు వినడం, క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవడం ఉండేవి. ఇప్పుడు ట్రెకింగ్, స్కూబా, సర్ఫింగ్ కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ సర్ఫింగ్ అని రాసిన కుర్రాణ్ని ‘నీది రెగ్యులరా, గూఫీనా?’ అని అడిగితే ‘రెగ్యులర్‌గానే వెళ్తాను సార్, ఏడాదికోసారి’ అన్నాడు. ప్యానెల్లో అందరం నవ్వు ఆపుకోలేకపోయాం. పాపం, అతని తప్పేం లేదు. గోవాలో ఎవరి బోర్డో చంకలో పెట్టుకుని ఫొటో దిగి ఉంటాడు. బోర్డు మీద ఎడమ పాదం ముందుంటే రెగ్యులర్, కుడి పాదం ముందుంటే గూఫీ. మొదటి పాఠం మొదటి పది నిమిషాల్లోనే చెప్పే సంగతి ఇది.

ఫైనలియర్ పరీక్షలయ్యాకో, ఆఫర్ లెటర్ వచ్చి జాయినింగ్ డేట్ రాక ముందో, ఏ ఆఫరూ రాక మనసు బాగోకో మన పిల్లలు గుంపుగా బీచ్ ట్రిప్ వేస్తారు. గోవా, పాండిచ్చేరి, గోకర్ణ, వర్కల, లేదంటే మన వైజాగ్. ఆ మూడు రోజుల్లో ఒక ఉదయం గంటన్నర పాటు డబ్బు కట్టి, గురువు దగ్గర, పద్ధతిగా సర్ఫింగ్ మొదటి పాఠం నేర్చుకోండని నా సలహా. రెజ్యూమెలో రాసుకోవడానికి మాత్రం కాదు. ఒక్క పాఠానికి హాబీ అయిపోదు.

ఈ మాట అనగానే ‘సర్ఫింగ్ మీకు నాయకత్వం నేర్పుతుంది, రిస్క్ మేనేజ్‌మెంట్ నేర్పుతుంది’ అంటూ లింక్డ్‌ఇన్ పోస్టు మొదలెడతాడేమో అనుకోకండి. అవేవీ నేర్పదు. నీళ్లలో పడ్డ మనిషి ఉప్పునీళ్లు మింగుతాడు, అంతే. నా కారణాలు వేరే ఉన్నాయి.

ముందుగా, సముద్రం గురించి. ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. అయినా చదువుకున్న మన పిల్లల్లో ఎక్కువ మందికి సముద్రం గురించి తెలిసింది ఒకటే: మోకాలి లోతు దాకా వెళ్లొచ్చు, ఆపైన అమ్మ తిడుతుంది. నలుగురు స్నేహితులు కలిస్తే అమ్మ మాట గుర్తుండదు, నడుం లోతుకు వెళ్తారు. 2022 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో జరిగింది గుర్తుంది కదా? ఒకే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు, పరీక్ష రాసి సరదాగా బీచ్‌కి వెళ్లి, ఇళ్లకు తిరిగి రాలేదు. విశాఖ ఆర్కే బీచ్, బాపట్ల సూర్యలంక... ఇలాంటి వార్త లేకుండా ఏడాది గడవడం లేదు. చనిపోయేది ఎక్కువగా మీ వయసు వాళ్లే.

వీళ్లలో చాలామందిని లాక్కెళ్లేది పెద్ద అల కాదు, వెనక్కి పోయే నీరు. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్లన్నీ తిరిగి వెళ్లాలి కదా. అవి ఎక్కడో ఒక చోట సన్నటి దారి చేసుకుని జోరుగా లోపలికి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. చిక్కేమిటంటే ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ఆ జాగా ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ‘ఇక్కడ బావుంది, అలల్లేవు’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదడం ఈత ఛాంపియన్‌కు కూడా కష్టమే. బలం వృథా చేసుకోకుండా తేలుతూ, చెయ్యెత్తి సాయం కోసం పిలవాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ దారి నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. పుస్తకంలో చదివితే ఇది మూడు వాక్యాలు. మంచి సర్ఫింగ్ గురువు మాత్రం మిమ్మల్ని ఇసుకలో నిలబెట్టి, వేలు పెట్టి ‘అదిగో, అక్కడ నీళ్ల రంగు వేరేగా ఉంది చూడు’ అని చూపిస్తాడు. ఒకసారి చూసిన కళ్లు మళ్లీ మర్చిపోవు. పాఠం మొత్తంలో ఇంకేమీ రాకపోయినా, ఈ ఒక్కదానికే కట్టిన ఫీజు గిట్టుబాటైనట్టే.

ఇంతకీ పాఠం ఎలా ఉంటుంది? నేను వెళ్లింది చెన్నై దగ్గర కోవళానికి. కేరళ కోవళం కాదు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నైకి దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలరి ఊరు. చెక్కముక్కల మీద అలలెక్కుతూ పెరిగిన మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు అక్కడ 2012లో సర్ఫ్ స్కూల్ మొదలవడానికి మూలం. ఇవాళ ఆ ఊళ్లో నేర్పేవాళ్లలో చాలామంది వేటకెళ్లే కుటుంబాల కుర్రాళ్లే. కర్ణాటకలోని మూల్కిలో అంతకుముందే, 2004 ప్రాంతంలో, మన దేశంలో తొలి సర్ఫింగ్ ఆశ్రమం వెలిసింది. ఈ రెండు ఊళ్ల పేర్లు తెలియకపోయినా, టోక్యో ఒలింపిక్స్‌తో సర్ఫింగ్ తొలిసారి పతకాల ఆట అయిందని మీ జనరల్ నాలెడ్జ్ నోట్సులో ఉండే ఉంటుంది. 2025 ఆగస్టులో మామల్లపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేశ్ బుధియాల్ కాంస్యం గెలిచాడని కూడా అందులో రాసుకోండి.

పొద్దున్న ఆరున్నరకే రమ్మంటారు. ఎండెక్కితే గాలి లేచి నీళ్లు చెదిరిపోతాయి. బోర్డు చూడగానే కుర్రకారు నిరాశ పడతారు, సినిమాల్లో చూసిన సన్నటి మెరుపు బోర్డు కాదది. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు, పైన మెత్తటి ఫోమ్, పడవలా ఉంటుంది. ‘చిన్నది ఇవ్వండన్నా’ అని మా బ్యాచ్‌లో ఒకబ్బాయి అడిగాడు. నేర్పే అతను నవ్వి ఊరుకున్నాడు. పొడుగ్గా ఉంటేనే బాగా తేలుతుంది, తొణకదు, తగిలినా తల పగలదు.

మొదటి అరగంటకు పైగా నీళ్లే ముట్టరు, అంతా ఇసుకలోనే. బోర్డు మీద బోర్లా పడుకోవాలి. మరీ ముందుకు జరిగితే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, మరీ వెనక్కి ఉంటే అల మిమ్మల్ని వదిలేసి పోతుంది. అరచేతులు ఛాతీ పక్కన ఆనించి, భుజంగాసనంలో లేచినట్టు లేచి, ఒక్క ఊపులో పాదాలు కిందికి తెచ్చుకోవాలి. పక్కకు తిరిగి నిలబడాలి, మోకాళ్లు వంచాలి, చూపు మాత్రం ఎదర ఉండాలి. మీ ముందు పాదం ఏదో తెలుసుకోవడానికి వెనకనుంచి చటుక్కున ఒక తోపు తోస్తారు. పడిపోకుండా ఏ కాలు ముందుకేశారో అదే. ఇరవై సార్లు లేచి పడుకున్నాక చెమటతో తడిసిపోతాం. పక్కన చేపలు ఏరుకునే ఆడవాళ్లు చూసి నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

పడటం కూడా నేర్పుతారు. తల ముందు పెట్టి దూకకూడదు, వెల్లకిలా లేదా పక్కకు, చదునుగా పడాలి. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకోవాలి. ఎందుకంటే బోర్డు వెనక కాలి మడమకు తాడుతో కట్టి ఉంటుంది, అది తిరిగొచ్చి మనకే తగులుతుంది. అలకూ మనకూ మధ్య బోర్డును ఎప్పుడూ అడ్డం పెట్టుకోకూడదు. ఈ మూడూ చెప్పకుండా నీళ్లలోకి దింపే చోట డబ్బు తిరిగి అడిగి వచ్చేయండి. ఇంకో ఊళ్లో, పేరెందుకులెండి, ఒకే ఒక్క కుర్రాడు పదకొండు మందిని ఒకేసారి నీళ్లలోకి తీసుకెళ్లడం కళ్లారా చూశాను. ఇసుకలో పాఠం ఐదు నిమిషాలు, ఫొటోలు పావుగంట. దాన్ని పాఠం అనరు.

తర్వాత నీళ్లు. నడుం లోతులోనే, విరిగిన అలల నురగలోనే. ఇంజినీరింగ్ పిల్లలకు నచ్చే లెక్క ఒకటి చెప్తాను. ఎక్కడో హిందూ మహాసముద్రంలో గాలి లేపిన అల వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. తీరం దగ్గర అడుగు తగిలి దాని కింది భాగం నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు తూలుతుంది. అల ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతు వచ్చేసరికి విరుగుతుంది. అలా విరిగాక తోసుకొచ్చే నురగ చాలు, కొత్తవాళ్లను ఒడ్డుదాకా మోసుకెళ్లడానికి. విరగని పచ్చటి అల ఎక్కడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

గురువు మీ వెనక నిలబడి బోర్డు తోక పట్టుకుంటాడు. అలను చూసే పని అతనిది, ఒడ్డును చూసే పని మీది. ‘అప్, అప్!’ అంటూ తోస్తాడు. నేను మొదటి పదిసార్లూ పడ్డాను. ‘పాదాలు చూడొద్దన్నా, ఒడ్డు చూడు’ అన్నాడతను, సగం తమిళం సగం ఇంగ్లిష్‌లో. అన్నా అనే మాట రెండు భాషల్లో ఒకటే కావడం అప్పుడు బాగా పనికొచ్చింది. పదకొండోసారి మూడు సెకన్లు నిలబడ్డాను. మూడంటే మూడే.

నా రెండో కారణం ఇక్కడే ఉంది. ఉద్యోగాల వేటలో ఉన్న వాళ్లతో మాట్లాడితే నన్ను బాధపెట్టేది రిజెక్షన్ కాదు, మౌనం. వంద అప్లికేషన్లు పెడతారు, తొంభైకి జవాబే రాదు. ఎక్కడ తప్పిందో తెలీదు. రెజ్యూమె బాలేదా, స్కోర్ చాలలేదా, అసలు ఎవరైనా చదివారా? నెలల తరబడి అలా ఉంటే తప్పంతా తమలోనే ఉందనుకోవడం మొదలెడతారు. నీళ్లలో అలా ఉండదు. తప్పు చేసిన క్షణంలోనే బోర్డు చెప్పేస్తుంది. బరువు ముందుకేశావు, ముక్కు మునిగింది. ఆలస్యంగా లేచావు, అల వెళ్లిపోయింది. పక్కనున్న మనిషి దాన్ని ఒక్క మాటలో సరిచేస్తాడు, అర నిమిషంలో ఇంకో అల వస్తుంది. గంటన్నరలో ముప్ఫైసార్లు ఓడిపోతారు. మార్కులుండవు, కటాఫ్ ఉండదు, వాట్సాప్ గ్రూపులో రిజల్ట్ పెట్టరు. దీనివల్ల ఉద్యోగం రాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చేతగాకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు అని ఒళ్లు తెలుసుకుంటుంది. ఆ తేడా మనసుకు చెప్తే వినదు.

ఇంకో సంగతి, కొంచెం సున్నితమైనది. నాకు నేర్పిన కుర్రాడు పదో తరగతి దాటలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఎంబీఏలు, ఒక బీటెక్. మొదటి పావుగంట ‘హలో, బ్రో’ అని చిటికెలేశారు. నీళ్లలోకి దిగాక అదే నోటితో ‘అన్నా, అన్నా’ అన్నారు. రేపు మీరు ఫ్యాక్టరీ ఫ్లోర్‌లోనో, సైట్‌లోనో, బ్యాంకు బ్రాంచిలోనో చేరితే అసలు పని నేర్పేది ఇలాంటి మనిషే. డిగ్రీ లేని ఫోర్‌మన్, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న అటెండర్. కొత్తగా చేరిన మన పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే అని నా అనుభవం. పని రాక కాదు, ఎవర్ని అడగాలో తెలియక, అడగడానికి నామోషీ అడ్డొచ్చి.

డబ్బు సంగతేంటని అడుగుతారు. ఊరినీ సీజన్నూ బట్టి ఒక పాఠానికి వెయ్యి నుంచి రెండు వేల దాకా అవుతుంది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఎదురుచూస్తున్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అలాంటప్పుడు అప్పు చేసి వెళ్లకండి. మీ ఊళ్లోని స్విమ్మింగ్ పూల్‌లో నెల రోజులు ఈత నేర్చుకోండి, నా లెక్కలో అది ఇంకా మంచిది. ఈత రానివాళ్లను కూడా నడుం లోతులో సర్ఫింగ్‌కు తీసుకుంటారు గానీ, వస్తే ఆ ధైర్యమే వేరు. మరి ట్రిప్పులో పబ్బుకు రెండు వేలు పెట్టగలిగిన వాళ్లు మాత్రం నా దగ్గర డబ్బు సాకు చెప్పొద్దు.

అమ్మాయిలు అడిగే ప్రశ్న బట్టల గురించి. పొడుగు చేతుల రాష్ గార్డ్, కింద లెగ్గింగ్స్ చాలు. నిజానికి అబ్బాయిలకూ అదే మంచిది, లేకపోతే ఫోమ్ రాపిడికి పొట్ట, మోకాళ్లు గీసుకుపోతాయి. జుట్టు గట్టిగా ముడేసుకోవాలి. కళ్లజోడు, ఉంగరాలు, గొలుసులు గదిలోనే వదిలెయ్యండి. కాంటాక్ట్ లెన్సులు కూడా.

కాలం చూసుకుని వెళ్లండి. పడమటి తీరం, అంటే గోవా, గోకర్ణ, వర్కల వైపు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలపు సముద్రం, కొత్తవాళ్లకు పనికిరాదు. మన తూర్పు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు తుపాన్ల రోజులు. డబ్బు కట్టే ముందు ఒక్కొక్క గురువుకు ఎంతమంది విద్యార్థులు, వాళ్లకు ప్రాణరక్షణ శిక్షణ ఉందా, సముద్రం బాలేకపోతే ఏం చేస్తారు అని అడగండి. ‘ఏం పర్లేదు, ఎప్పుడైనా దిగొచ్చు’ అన్నవాడి దగ్గర దిగొద్దు. ‘ఇవాళ వద్దు, రేపు రండి’ అన్నవాడి దగ్గరికి రేపు మళ్లీ వెళ్లండి.

మర్నాడు ఇంటర్వ్యూ ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి. రెండు రోజుల పాటు భుజాలు పైకి లేవవు, చొక్కా వేసుకోవడానికే ఎవరో ఒకరు సాయం పట్టాలి. ముక్కులోంచి సముద్రపు నీళ్లు ఎప్పుడు కారతాయో చెప్పలేం. నాకైతే సరిగ్గా మీటింగులో, మేనేజర్ ఎదుట కారాయి.