పొద్దుటి ముద్ద



నాట్ల కాలములో మేము తుంగతుర్తి చుట్టుపట్ల గృహ దర్శనములకు వెళ్లినప్పుడు, తెల్లవారకముందే తల్లులు కూలికి బయలుదేరుట చూచుచుందుము. పొయ్యి మీద ఛాయ్ మాత్రమే మరుగుచుండును. పిల్లలు అందులో రెండు బిస్కెట్లు ముంచుకొని తిని బడికి పోవుదురు.

ఒకనాడు అట్టి బాలుడొకడు బడిలో ప్రార్థన వేళ కళ్లు తిరిగి పడిపోయెను. తల్లి వానిని మా యొద్దకు తీసికొనివచ్చి, "అయ్యగారూ, పిల్లగానికి గాలి సోకింది, ప్రార్థన చెయ్యుండ్రి" అని ఏడ్చెను. ప్రార్థించితిమి. తరువాత, "పొద్దుగాల ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగితిమి. "ఛాయ్ తాగిన" అనెను. "నువ్వేం తిన్నవమ్మా?" అంటిమి. ఆమె తల వంచుకొనెను.

లెక్క చూడండి. రాత్రి 8 గంటలకు తిన్న బిడ్డ బడిలో మధ్యాహ్నము ఒంటిగంటకు తినిన యెడల నడుమ 17 గంటలు! మన కాలేయము దాచియుంచిన చక్కెర రాత్రి నిద్రలోనే చాల మట్టుకు ఖర్చగును. మెదడు పనిచేయుటకు ఆ చక్కెరయే ఆధారము. చిన్నపిల్లలలో ఆ నిలువ మరింత తక్కువ. అందుచేతనే నీరసము, చిరాకు, పాఠము తలకెక్కకుండుట.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి, స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నది. తిండితో కలిపి త్రాగిన ఛాయ్ ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

ఈ అవసరము గుర్తించి తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరు 15న, మన తెలంగాణ ప్రభుత్వము 2023 అక్టోబరు 6న బడి పిల్లలకు ఉదయపు అల్పాహార పథకములు ప్రారంభించెను. అయితే ప్రభుత్వము వండినను వండకున్నను, మన యింటి పొయ్యి బాధ్యత మనదే.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. జొన్నరొట్టె, గటక, రాగి అంబలి, పెరుగు కలిపిన సద్దన్నము, ఉడికిన గుడ్డు, గుప్పెడు పల్లీలు - ఏది యున్న అది చాలును. ఎండకాలములో పాడైన వాసన వచ్చిన సద్ది మాత్రము పెట్టరాదు. పిల్లలకు మరల మరల కళ్లు తిరిగిన యెడల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించవలెను.

మరియొక మాట. ఆదివారము ఖాళీ కడుపుతో ఆరాధనకు వచ్చువారిని మేమును మెచ్చుకొనుచుంటిమి. అది మా పొరపాటు. షుగరు మాత్ర వేసికొని తినకుండ వచ్చిన, రక్తములో చక్కెర పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. అట్టివారు డాక్టరును అడగక ఉపవాసముండరాదు.

తిబెరియ సముద్రతీరమున తెల్లవారుజామున, రాత్రంతయు కష్టపడిన శిష్యులకొరకు ప్రభువు ముందుగా సిద్ధపరచినది చేపలును రొట్టెయునే (యోహాను 21).

తల్లులారా, రేపు పొలమునకు పోకముందు బిడ్డకొక ముద్ద పెట్టండి. మీరును ఒక ముద్ద తినండి. అన్నలారా, అంతవరకు ఆ పొయ్యి దగ్గర మీరు కొంచెము సాయపడండి.