డచ్చివారి పద్దుల్లో మనవాళ్లు

అమెరికా తొలి వలసల చరిత్రలో ఏడ్రియాన్ బ్లాక్ పేరు తప్పకుండా వస్తుంది. ఈ డచ్చి ఓడ నాయకుడు బీవర్ తోళ్ల వ్యాపారం కోసం 1611 నుంచి 1614 దాకా హడ్సన్ నదికి పలుమార్లు వెళ్లాడు. 1613 చలికాలంలో అతని ఓడ టైగర్ మన్‌హటన్ దగ్గర కాలిపోయింది. బ్లాక్ వెనక్కి తగ్గలేదు. అక్కడే ఆన్‌రస్ట్ అనే చిన్న ఓడ కట్టించి, కనెక్టికట్ నదిలో ఎగువకు సాగి, తిరిగొచ్చాక 1614లో ఆ తీరానికి పటం తయారు చేయించాడు. న్యూ నెదర్లాండ్ అన్న పేరు మొదట కనిపించేది అందులోనే. ధైర్యవంతుడు, సందేహం లేదు. కానీ ఆ పటంలో మోహాక్, మహికన్, పీక్వాట్ తెగల పేర్లున్నాయి. ఎవరు ఎక్కడ ఉంటారో అక్కడివాళ్లు చెబితేనే కదా అతనికి తెలిసేది! బీవర్లను వేటాడి, తోలు ఒలిచి తెచ్చి ఇచ్చిందీ వాళ్లే. బ్లాక్, అతని సహచరుడు హెండ్రిక్ క్రిస్టియాన్సెన్ ఆ తీరం నుంచి ఇద్దరు యువకులను తమ దేశానికి తీసుకుపోయారు. ఆ ఇద్దరూ చరిత్రకెక్కింది ఆర్సన్, వాలెంటైన్ అనే ఐరోపా పేర్లతోనే. ఇంట్లో వాళ్లను ఏమని పిలిచేవారో మనకు దక్కలేదు. కొన్నవాడి పేరు నిలబెట్టి, అమ్మినవాడి పేరు చెరిపేసే ఈ చరిత్ర రచన తెలుగు నేల మీదా జరిగింది. దాన్ని సరిదిద్దడం ఇప్పటికీ మన చేతిలోనే ఉందని నా వాదన.

అదే 1613లో, అదే దేశపు వర్తకులు పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. బళ్లారి నుంచి హంపీకి పోయే దారిలోని కుడతినివాళ్లకు ఈ సంగతి పరాయిదేమీ కాదు, దాని మూలం హంపీలోనే ఉంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపీ వదిలి పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి తరలిపోయారు. 1610లో పులికాట్‌లో డచ్చివారికి చోటిచ్చింది ఆ సింహాసనం మీదున్న వెంకటపతిరాయలే. అంతకు ముందే, 1605లో, వాళ్లు బందరులో దిగారు. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను అనుమతీ దొరికింది. వాళ్ల చూపు నిజానికి మొలుక్కా దీవుల లవంగాల మీద, జాజికాయల మీద ఉంది. అక్కడివాళ్లు వాటికి బదులుగా అడిగింది మన గుడ్డ. కోరమాండల్ తీరం మొలుక్కాలకు ఎడమ చెయ్యి వంటిదని, ఇక్కడి బట్ట లేనిదే అక్కడ వ్యాపారం సాగదని డచ్చి ఈస్టిండియా కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే తన పైవాళ్లకు రాశాడు.

ఆ గుడ్డ వెనక ఎంత పని ఉందో చూడాలి. నేత ఒకరిది, అద్దకం మరొకరిది. గుడ్డను ఉతికి, కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేయాలి. పటికనీళ్లు పట్టించిన చోటే చిరివేరు ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట ఉతుకుల్లో పోతుంది. నీలిమందులో ముంచాలంటే, నీలం అంటకూడని చోటంతా మైనంతో కప్పాలి. 1670లలో కంపెనీ ఉద్యోగిగా ఈ తీరానికి వచ్చిన డేనియల్ హావర్ట్ ఈ పనిని కళ్లారా చూశాడు. పర్షియన్ చదువుకున్నవాడు. కోరమాండల్ ఎదుగుదల, పతనాల మీద 1693లో అచ్చయిన తన పుస్తకంలో పాలకొల్లు అద్దకపువాళ్లను ప్రస్తావిస్తూ, పని నత్తనడకన సాగుతుందని, ఓర్పుకు రూపం గీయాలంటే వాళ్లలో ఒకరిని చూస్తే చాలని రాశాడు. మనసారా మెచ్చుకున్న మాట అది. అదే పుస్తకంలో ఒక్కో స్థావరంలో పనిచేసిన డచ్చి ఉద్యోగుల పేర్లు, వాళ్ల సమాధుల మీది రాతలు వరుసగా ఉంటాయి. గోల్కొండ మంత్రులు అక్కన్న, మాదన్నల కథా ఉంది. అంత ఓర్పున్న ఆ అద్దకపువాడికి మాత్రం పేరు లేదు.

వాళ్లు రాకపోతే మన బట్టకు అంత గిరాకీ ఎక్కడిదని కొందరు అడుగుతారు. వెండి, బంగారం తెచ్చిన మాట నిజం. నేత ఊళ్లలో పని పెరిగిన మాటా నిజమే. కానీ డచ్చివారికంటే ముందే బందరు ఓడలు పెగూకు, ఆచేకు సరుకు మోసేవి. పులికాట్‌లో కంపెనీకి సరుకు కూర్చిపెట్టిన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన తెలుగు వర్తకులు. సొంత ఓడలు నడిపారు, పాలకుల దగ్గర రాయబారాలూ చేశారు. మార్కెట్టు అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైగా పులికాట్ నుంచి బయల్దేరినవి గుడ్డమూటలు మాత్రమే కాదు. 1620లలో, కరవుకు, యుద్ధాలకు చితికి అమ్ముడుపోయిన మనుషులను కంపెనీ ఓడలకెక్కించి జావాలోని తన స్థావరం బటావియాకు బానిసలుగా పంపింది. వాళ్లను పక్కన పెట్టి ఆ కాలాన్ని వర్తక వైభవమని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. రాసిపెట్టింది డచ్చివారే, పేర్లే లేని మనుషుల చరిత్ర ఎలా రాస్తారని. దీనికి జవాబు అదే కుడతినిలోని ప్రాచీన బూడిద దిబ్బలోనే దొరుకుతుంది. ఈ ప్రాంతపు దిబ్బలను ఒకప్పుడు రాక్షసుల చితులన్నారు, యుద్ధం మిగిల్చిన బూడిదన్నారు. అది పశువుల పేడ కాలిన బూడిద అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ గుర్తించాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బ తవ్వకాల్లో బూడిద పొరల మీద గిట్టల గుర్తులు చూసిన రేమండ్ ఆల్చిన్, నవీన శిలాయుగపు పశుపాలకుల మీద 1963లో పుస్తకమే ప్రచురించాడు. ఒక్క అక్షరం విడిచిపెట్టని మనుషుల బతుకు పేడబూడిద నుంచి తెలిసినప్పుడు, కట్టలకొద్దీ కాగితాలున్న పదిహేడో శతాబ్దపు నేతగాళ్ల గురించి చేతులెత్తేయడం న్యాయం కాదు. హావర్ట్ లాంటివాళ్లను తిట్టిపోయనక్కర్లేదు. వాళ్ల రాతలే మనకు ఆధారం, వాటిని మన ప్రశ్నలతో చదవాలి.

బందరు, భీమునిపట్నం, పులికాట్ డచ్చి సమాధులు రక్షిత కట్టడాలు. అలా ఉండాల్సిందే. వాటి దగ్గర పెట్టే ఫలకాల మీద అద్దకపువాళ్ల పని, అచ్యుతప్ప చెట్టి వ్యాపారం, బటావియాకు పోయినవారి సంగతి కూడా తెలుగులో ఉండాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు పాత డచ్చి భాష చదవగల విద్యార్థులను, ఇద్దరినో ముగ్గురినో అయినా, తయారు చేయాలి. కంపెనీ కాగితాలు హేగ్ జాతీయ దస్తావేజుశాలలో భద్రంగా ఉన్నాయి. 1680లలో గోదావరి డెల్టాలో ఏ ఊళ్లో ఎన్ని మగ్గాలున్నాయో డచ్చివారు లెక్కలు రాసుకున్నారు. హావర్ట్ పుస్తకంకంటే ముందు తెలుగులోకి రావాల్సింది ఆ మగ్గాల లెక్క.