కుట్టుమిషన్ ఇస్తారు సరే, ఆర్డర్ ఎవరికిస్తారు?



మన ఆడవాళ్లకు సర్కార్ ఏమిచ్చిందని ఏ మహల్లాలో అడిగినా మొదట వినబడే జవాబు కుట్టుమిషన్. ఈ మధ్య ఇందిరమ్మ మహిళా శక్తి పేరుతో మైనారిటీ మహిళలకు మళ్లీ ఇస్తున్నారు. ఇస్తే మంచిదే, షుక్రియా. కానీ నా సవాల్ ఒకటుంది. ఆ మిషన్ మీద కుట్టడానికి బట్ట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆర్డర్ ఎవరిస్తారు? ఆర్డర్ లేని మిషన్ ఇంట్లో ఒక మూలన ముసుగేసుకుని కూర్చుంటుంది. ఫోటో మాత్రం పేపర్లో వస్తుంది.

మన నర్సాపూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. మున్సిపాలిటీ అంటే పన్నులు వసూలు చేసే ఆఫీసు ఒక్కటే కాదు, రోజూ సామాను కొనే గిరాకీ కూడా. సఫాయి కార్మికుల యూనిఫాంలు, చేతి తొడుగులు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడర్, వీధి లైట్లు, రసీదు పుస్తకాల ప్రింటింగ్, మీటింగులకు చాయ్ టిఫిన్, షామియానా, మోరీల పని, సీసీ రోడ్డు, అన్నీ డబ్బిచ్చి చేయించుకునేవే. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలి. అంటే నర్సరీ, మొక్కలు, ట్రీగార్డులు, నీళ్లు పోసే మనుషులు. ఈ పైసల్లో మన ఇంటి పన్ను ఉంది, మన నల్లా బిల్లు ఉంది. మరి ఈ పైసలు ఎవరి చేతికి పోతున్నాయి? ఏ పని ఏ ఠేకేదార్‌కు, ఎంతకు ఇచ్చారన్న లిస్టు మీలో ఎంతమంది చూశారు?

కౌన్సిలర్ సీట్లలో సగం ఆడవాళ్లకని చట్టమే రాసింది. కుర్చీలో సగం ఇచ్చారు, బహుత్ ఖూబ్. ఆ కుర్చీల ముందు పాసయ్యే బిల్లుల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవెన్ని? ముస్లిం ఆడవాళ్ల పేరున ఉన్నవెన్ని?

‘టెండర్ అందరికీ ఖుల్లా, ఎవరైనా వేయొచ్చు’ అంటారు. దర్వాజా ఖుల్లానే, కానీ గడప నడుము ఎత్తుంది. ముందు ఈఎండీ కట్టాలి. అనుభవం సర్టిఫికెట్ కావాలి. టర్నోవర్ చూపించాలి. డిజిటల్ సంతకం కావాలి. పనయ్యాక బిల్లు ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుల మీద ఆగాలి. పైగా పది చిన్న పనుల్ని ఒక ప్యాకేజీగా కడితే చిన్నవాళ్లు అక్కడే ఔట్. నామినేషన్ మీద ఇచ్చే చిన్న పనులైనా దక్కుతాయా అంటే, అవి ముందే జాన్‌పెహచాన్ ఉన్నవాళ్లకు పోతాయి. ‘ముస్లింలు రావద్దు, ఆడవాళ్లు రావద్దు’ అని ఎక్కడా రాయరు. రాయాల్సిన జరూరత్ లేదు.

ఈ గడప తగ్గించడం అసాధ్యమేం కాదు. కేంద్ర సర్కార్ 2012లో ఒక పాలసీ తెచ్చింది. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలని ఇప్పుడు లెక్క. అందులో ఎస్సీ ఎస్టీలకు 4 శాతం, ఆడవాళ్ల సంస్థలకు 3 శాతం. ఆ చిన్న సంస్థలకు ఈఎండీ మాఫీ. కానీ ఆ పాలసీ మన మున్సిపాలిటీకి వర్తించదు, మైనారిటీ అన్న మాట అందులో లేదు.

ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పనులు, సర్వీసు కాంట్రాక్టుల్లో 50 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇవ్వాలని చట్టం చేసింది. ఆడవాళ్లకు సగం అని కూడా రాసింది. అది ఎంత అమలైందనే హిసాబ్ వేరే తీయాలి. కానీ ఒక తెలుగు అసెంబ్లీ కాంట్రాక్టుల చట్టంలో మైనారిటీ అన్న మాట రాసిందన్నది నిజం. కర్ణాటక అసెంబ్లీ 2025 మార్చిలో 2బీ కేటగిరీకి 4 శాతం ఇస్తూ బిల్లు పాస్ చేసింది. రెండు కోట్ల వరకు పనులు, కోటి వరకు సరుకులు, సేవలు. ‘మతం పేరున రిజర్వేషన్’ అని హంగామా అయింది. గవర్నర్ దాన్ని రాష్ట్రపతికి పంపారు.

ఆ హంగామాకు మన దగ్గర జవాబుంది. 2007 చట్టంలోని బీసీ-ఈ మతాన్ని చూసి ఇచ్చింది కాదు, వెనుకబాటు చూసి ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొఘల్ అందులో లేరు. దూదేకుల వాళ్లు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ 4 శాతం చదువులో, నౌకరీలో నడుస్తోంది. చదువుకోవడానికి వెనుకబడినవాళ్లం, టెండర్ వేయడానికి మాత్రం అందరితో బరాబరా? ఇదేం ఇన్సాఫ్?

ఇంకో మాట. 2021లో మన రాష్ట్రం వైన్ షాపుల లైసెన్సుల్లో గౌడ్లకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం ఇచ్చింది. ఆ కారోబార్ మనకు హరామ్, మనం అడగం. కానీ సర్కార్ చేతిలో ఉన్న వ్యాపారంలో వెనుకబడిన వాళ్లకు వాటా ఇవ్వొచ్చని సర్కారే ఒప్పుకుంది కదా! హలాల్ రోజీ అడిగితే మాత్రం రూల్స్ అడ్డమొస్తాయా?

అమెరికాలో రిచ్‌మండ్ అనే నగరం ఉంది. జనాభాలో సగం నల్లవాళ్లు. ఐదేళ్ల సిటీ నిర్మాణ కాంట్రాక్టుల్లో మైనారిటీ సంస్థలకు దక్కింది 0.67 శాతం. 1983లో సిటీ కౌన్సిల్ 30 శాతం వాటా పెట్టింది. 1989లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వివక్ష జరిగిందని పక్కా సుబూత్ చూపించలేదంది. ఆ తర్వాత ఎన్నో నగరాలు తమ కాంట్రాక్టుల లెక్కలు తీయించుకోవాల్సి వచ్చింది. మనకు సబక్ ఏమిటంటే, హిసాబ్ లేని హక్ కోర్టులో నిలబడదు. లావాదేవీ రాసి పెట్టుకోండని చెప్పే ఆయత్ ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్. రాసుకోవడం మనకు కొత్త కాదు.

ఇప్పుడు మన ఇంటి హిసాబ్ కూడా తీద్దాం. మన ఊరి పేరే ఉన్న గోదావరి నర్సాపూర్‌లో ఆడవాళ్లు అల్లే లేసు విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ల మీద 1982లో పుస్తకం రాసింది. అల్లేది ఆడవాళ్లు, వ్యాపారి మగవాడు. గంటల తరబడి అల్లినా ఆమెను ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణి’ అనే లెక్కగట్టారు. రేపు మనకు మహిళా కోటా వస్తే మనమేం చేస్తాం? కాగితం మీద బేగం, బ్యాంకులో భాయి. దస్తఖత్ ఆమెది, కమాయి ఆయనది. అది సర్కార్ చేసే బేఇన్సాఫీ కంటే చిన్నదేం కాదు. హజ్రత్ ఖదీజా (రజి) తిజారత్ ఆమెదే, సరుకు ఆమెదే, మనుషుల్ని పెట్టుకున్నదీ ఆమే. స్త్రీ సంపాదనలో హక్ స్త్రీదేనని సూరహ్ నిసా చెబుతుంది. బయాన్‌లో విని తలూపేవాళ్లం చెక్‌బుక్ దగ్గర కూడా ఊపాలి.

ఇంకో ముడి కూడా ఉంది. 2024లో సర్కారీ బడి పిల్లల యూనిఫాం కుట్టే పని మహిళా సంఘాలకిచ్చారు. జతకు 50 ఉన్న కూలి 75 రూపాయలకు పెంచారు. చూశారా, తలచుకుంటే ఆర్డర్ ఇవ్వొచ్చు! కానీ పని సంఘం ద్వారా వస్తుంది, సంఘం వడ్డీ లోన్ మీద నడుస్తుంది. వడ్డీ వద్దని దూరంగా ఉండే మన బెహన్లకు ఆర్డర్ కూడా దూరమే. లోన్ తీసుకోనంత మాత్రాన ఆమె సూది ఆగిపోదు. ఆర్డర్‌ను లోన్‌తో ముడిపెట్టొద్దు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ఒకటి, మూడు నెలలకోసారి ఏ పని ఎవరికి ఎంతకిచ్చారో మున్సిపల్ ఆఫీసు గోడ మీద అతికించాలి. ఆడవాళ్లవెన్ని, బీసీ-ఈ వాళ్లవెన్ని అనేది విడిగా రాయాలి. రెండు, యూనిఫాం, ప్రింటింగ్, క్యాటరింగ్, నర్సరీ లాంటి పనుల్ని చిన్న చిన్న భాగాలు చేసి, వాటిలో మహిళలకు, బీసీ-ఈతో సహా వెనుకబడిన వర్గాలకు వాటా పెట్టాలి. మూడు, ఆ పనులకు ఈఎండీ మాఫీ చేయాలి. నాలుగు, బిల్లు 45 రోజుల్లో ఇవ్వాలి. చిన్న సంస్థలకు ఆ గడువు 2006 చట్టంలో ఉన్నదే. ఐదు, సంస్థ ఆమెదైతే ఖాతా ఆమె చేతిలో ఉండాలి, కొలతలకు, బిల్లుకు ఆమే రావాలి.

ఇఫ్తార్ దావత్‌కు వచ్చే లీడర్లకు ఖజూర్ ఇస్తాం, ఖీర్ ఇస్తాం. ఈసారి ఈ ఐదు మాటలు రాసిన కాగితం కూడా ఇవ్వండి. మస్జిద్ కమిటీ పెద్దలు సిగ్గుపడితే బెహన్లే ఇవ్వండి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు కూడా. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. పోయిన మూడేళ్ల ఠేకాల లిస్టు అడగండి. మహల్లాకొక దరఖాస్తు చాలు. ఇంట్లో బట్టలు కుట్టే, వంట చేసే, మొక్కలు పెంచే బెహన్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి, దానికి ఫీజే లేదు. అర్జీలో దస్తఖత్ మాత్రం ఆమెనే పెట్టనివ్వండి.